నలభై దాటాక హార్మోన్లు, ఆపరేషన్: ఒకే చీటీ అందరికీ పనికిరాదు

తెలుగు రాష్ట్రాల్లో నడివయసులో హార్మోన్లు మొదలుపెట్టే ట్రాన్స్ మహిళలు ఎక్కువగా రెండు దారుల్లో వస్తారు. కొందరు నలభై అయిదేళ్లదాకా మగవాడిగా ఉద్యోగం, సంసారం నెట్టుకొచ్చి, పిల్లలు చేతికందాక, ఇక దాచుకోలేక డాక్టరు గుమ్మం ఎక్కినవారు. మరికొందరు ఇరవైల్లోనే ఇల్లు వదిలి, గురువు దగ్గర చేరి, నిర్వాణం (అంగాన్ని, వృషణాలను తీసేసే ఆపరేషన్) చేయించుకుని, ఆ తర్వాత పాతికేళ్లపాటు ఒక్క హార్మోను మాత్ర కూడా కుదురుగా వేసుకోనివారు. వయసు ఒకటే, కోరుకునేదీ దాదాపు ఒకటే. ఒంట్లో పరిస్థితి మాత్రం తలకిందులు. మొదటివారి వృషణాలు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోనును తయారుచేస్తూనే ఉంటాయి, దాన్ని అణచాలి. రెండోవారిలో అణచడానికి ఏమీ మిగల్లేదు. ఇన్నేళ్లు ఆడ హార్మోనూ లేక, మగ హార్మోనూ లేక ఎముకలు గుల్లబారాయేమో ముందు చూడాలి.

ఈ తేడా అడక్కుండానే ఇద్దరికీ ఆడ హార్మోను ఈస్ట్రోజన్ ఒకటి, టెస్టోస్టెరాన్‌ను అణచే స్పైరోనోలాక్టోన్ ఒకటి రాసిచ్చే చీటీలు తిరుగుతున్నాయి. నిర్వాణం అయినవారికి స్పైరోనోలాక్టోన్ వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, బీపీ పడిపోవడం, పొటాషియం పెరగడం తప్ప.

మోతాదు కన్నా ముందు, ఏ దారిన ఎక్కించాలన్నది

మింగిన ఈస్ట్రోజన్ పేగుల్లోంచి నేరుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. ఇరవై అయిదేళ్ల ఆరోగ్యవంతురాలిలో ఈ పెరుగుదల పెద్ద లెక్కలోకి రాదు. నలభై అయిదు దాటి, బీపీ, షుగరు, ఊబకాయం, పొగతాగే అలవాటు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్క మారిపోతుంది. గడ్డ పిక్కలో పుట్టి ఊపిరితిత్తులకు పాకితే ప్రాణాపాయం. అందుకే ఈ వయసులో చర్మం మీదుగా ఇచ్చే ఈస్ట్రడయాల్‌కే (ఒంట్లో సహజంగా తయారయ్యే రకం ఈస్ట్రోజన్) మొదటి ఓటు. అది కాలేయం మీద మొదటి దెబ్బ వేయకుండా నేరుగా రక్తంలో కలుస్తుంది.

చర్మానికి అంటించే ప్యాచీలు మన మందుల షాపుల్లో దొరకడం కష్టం. జెల్ దొరుకుతుంది. 0.06 శాతం జెల్ అయితే 2.5 గ్రాముల్లో 1.5 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్ ఉంటుంది. సాధారణంగా అక్కడ మొదలుపెట్టి రక్తపరీక్షను బట్టి పెంచుతారు. భుజం నుంచి మణికట్టుదాకా, లేదా తొడ లోపలివైపు పల్చగా రాయాలి. త్వరగా పెరుగుతాయని రొమ్ముల మీద రాయకూడదు. ఆరేదాకా బట్ట తగలనివ్వకూడదు, గంటసేపు ఆ చోటు కడగకూడదు. ఇంట్లో చంటిపిల్లలుంటే రాసిన చోటు వాళ్లకు తగలకుండా చూసుకోవాలి.

మాత్రలే వాడాల్సి వస్తే ఈస్ట్రడయాల్ వాలరేట్ రోజుకు 1 లేదా 2 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 నాటి మార్గదర్శకాల్లో రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాములని ఉంటుంది. నడివయసులో ఆ పైఅంచుకు ఎగబాకాల్సిన అవసరం అరుదు. వాలరేట్ ఇంజెక్షన్లు ఇతర దేశాల్లో బాగా వాడతారు, మన దగ్గర సరఫరా నమ్మకంగా ఉండదు.

అసలు ముప్పు ఇవి కావు, మాలా-డి అనే గర్భనిరోధక మాత్ర. మందుల షాపులో చవగ్గా దొరుకుతుంది, చీటీ అడగరు, తెలిసినక్క ఎవరో రోజుకు నాలుగైదు వేసుకోమంటుంది. అందులో ఉండేది ఈస్ట్రడయాల్ కాదు, ఇథినైల్ ఈస్ట్రడయాల్, ఒక్కో మాత్రలో 0.03 మిల్లీగ్రాములు. కాలేయం దీన్ని అంత తేలిగ్గా విరగ్గొట్టలేదు కాబట్టి గడ్డకట్టే ప్రమాదం చాలా ఎక్కువ. నాలుగైదు మాత్రలంటే ఆ ప్రమాదాన్ని అన్నింతలు మింగినట్టే. పీసీఓడీకి రాసే డయాన్-35లో ఉన్నదీ ఇదే ఈస్ట్రోజన్. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు ఈస్ట్రడయాల్ రక్తపరీక్షలో ఇథినైల్ కనిపించదు. రిపోర్టులో ‘తక్కువ’ అని వస్తుంది, అది చూసి ఇంకో రెండు మాత్రలు పెంచుతారు.

టెస్టోస్టెరాన్‌ను అణచడానికి మన దగ్గర రెండు మందులే ఎక్కువ. స్పైరోనోలాక్టోన్‌ను రోజుకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 100 నుంచి 200 దాకా తీసుకెళ్తారు. ఇది పొటాషియాన్ని ఒంట్లో నిలవేస్తుంది. నడివయసు వచ్చేసరికి చాలామంది బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి వాడుతుంటారు, అవీ పొటాషియాన్ని పెంచేవే. దానికి తోడు ఎండాకాలం రోజుకు రెండు కొబ్బరిబోండాలు, బీపీకి మంచిదని కొన్న తక్కువ సోడియం ఉప్పు. ఆ ఉప్పులో సోడియం తీసేసి పెట్టింది పొటాషియమే. ఇవన్నీ ఒకచోట కలిస్తే గుండె లయ తప్పొచ్చు. మొదలుపెట్టిన వారంలోపు ఒకసారి, నెల తిరిగాక ఒకసారి, ఆ తర్వాత మోతాదు పెంచిన ప్రతిసారీ క్రియాటినిన్, పొటాషియం చూడాలి. రెండోది సైప్రొటెరోన్. దొరికేది 50 మిల్లీగ్రాముల మాత్ర, కావాల్సింది రోజుకు 10. అంటే పావు ముక్క చాలు. పూర్తి మాత్ర ఏళ్లతరబడి మింగితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే కణితి వచ్చే అవకాశం పెరుగుతుంది. మోతాదు ఎంత ఎక్కువైతే ఆ అవకాశం అంత ఎక్కువ.

రిపోర్టు చదవడంలో తప్పులు

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షలు. లక్ష్యం: ఈస్ట్రడయాల్ 100 నుంచి 200 పికోగ్రాములు (మిల్లీలీటరుకు), టెస్టోస్టెరాన్ 50 నానోగ్రాముల (డెసిలీటరుకు) లోపు. జెల్ రాసిన చేతి నుంచి రక్తం తీయించకూడదు, చర్మం మీద మిగిలిన మందు సూదికి అంటుకుని అంకె ఆకాశానికెక్కుతుంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి. చాలా ల్యాబ్ యంత్రాల్లో బయోటిన్ ఈస్ట్రడయాల్ అంకెను తప్పుగా పెంచి చూపిస్తుంది. ల్యాబ్‌లో పేరు పక్కన మగ అని ఉంటే హిమోగ్లోబిన్ 12.8 దగ్గర ఎర్రగీత పడుతుంది. టెస్టోస్టెరాన్ అణిగాక అది ఆడవారి అంకెకు దిగడం సహజం, దానికి ఐరన్ మాత్రలు వేసుకోనక్కర్లేదు.

మార్పుల సంగతికొస్తే, రొమ్ము మొగ్గలు మూడు నుంచి ఆరు నెలల్లో కనిపిస్తాయి, పూర్తి ఎదుగుదలకు రెండు మూడేళ్లు. చర్మం మెత్తబడుతుంది, కొవ్వు తుంటికి, తొడలకు చేరుతుంది. గొంతు మారదు, గడ్డం పోదు, ఊడిన జుట్టు ఈ వయసులో పెద్దగా తిరిగి రాదు, ఉన్నది నిలుస్తుంది. గడ్డానికి లేజరు, తెల్లవెంట్రుకలకు ఎలక్ట్రాలిసిస్. తెల్లవెంట్రుకను లేజరు గుర్తించదు, అందుకే యాభై దాటాక లేజరు ప్యాకేజీ కొనేవారు ముందు అద్దంలో గడ్డాన్ని బాగా చూసుకోవడం మంచిది.

ఏ ఆపరేషన్

లోతున్న యోని ఒక్కటే ‘పూర్తి’ ఆపరేషన్ అన్న అభిప్రాయం గట్టిగా ఉంది. యాభై దాటి, షుగరు ఉన్నవారికి లోతు లేకుండా బయటి రూపం మాత్రమే తీర్చే వల్వోప్లాస్టీ గురించి చెప్పేవారే తక్కువ. పురీషనాళానికీ మూత్రాశయానికీ మధ్య సందు చేయాల్సిన పని ఉండదు కాబట్టి అందులో జరిగే పెద్ద ప్రమాదాలు తప్పుతాయి, లోతు మూసుకుపోకుండా జీవితాంతం డైలేటర్లు (లోపల పెట్టుకునే కడ్డీలు) వాడే గొడవ ఉండదు, కోలుకోవడం తేలిక. మూత్రం కూర్చుని పోసుకోవడం, బయటికి స్త్రీ శరీరంలా కనిపించడం, హార్మోన్ల అవసరం, ఇవన్నీ రెండింటికీ ఒకటే. లోపలికి సంభోగం కావాలనుకునేవారికే లోతు కావాలి. కనీసం ఈ రెండో దారి ఉందని సర్జన్ నోటి నుంచి వినాలి.

లోతు కావాలంటే మామూలుగా అంగం చర్మాన్ని లోపలికి తిప్పి గోడలుగా వాడతారు, వృషణసంచి చర్మాన్ని అతుకుతారు. ఆ చర్మం మీది వెంట్రుకలు ముందే తీయించాలి. నాలుగు నుంచి ఆరు వారాలకో సిట్టింగు చొప్పున చాలా సిట్టింగులు పడతాయి, కనుక ఆపరేషన్‌కు ఆరు నెలలు, వీలైతే ఏడాది ముందే మొదలుపెట్టాలి. వదిలేస్తే వెంట్రుకలు లోపల పెరిగి ముద్దకట్టి వాసన, ఇన్‌ఫెక్షన్ తెస్తాయి. అప్పుడు తీయడం దాదాపు అసాధ్యం.

నిర్వాణం ఎప్పుడో అయినవారికి ఆ చర్మమే ఉండదు. వారికి పెద్దపేగులో ఒక ముక్కను గానీ, కడుపు లోపలి పొర పెరిటోనియాన్ని గానీ ల్యాప్రోస్కోపీతో తెచ్చి అమరుస్తారు. పేగు ముక్క తనంతట తానే తడిగా ఉంటుంది, కుంచించుకుపోవడం తక్కువ. కానీ అది పొట్ట ఆపరేషన్, పేగు అతుకు లీకయ్యే ప్రమాదం ఉంది, జిగురు కారడం నెలల తరబడి విసిగిస్తుంది. నడివయసులో ముందుగా కొలనోస్కోపీ చేయించి పేగు శుభ్రంగా ఉందో లేదో చూసుకోవాలి.

ఆపరేషన్ ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పొగ పూర్తిగా బంద్. ఖైనీ, గుట్కా కూడా అంతే, ఎందుకంటే రక్తనాళాలను బిగించేది పొగ కాదు, నికోటిన్. అతికిన చర్మానికి రక్తం అందకపోతే అది నల్లబడి ఊడిపోతుంది. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 8 పైన ఉంటే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, వేయడమే సబబు. ఈస్ట్రోజన్ ఆపాలా అన్న దాంట్లో సర్జన్ల మధ్య ఏకాభిప్రాయం లేదు, కొందరు రెండు నుంచి నాలుగు వారాల ముందు ఆపమంటారు, కొందరు ఆపక్కర్లేదంటారు. ఎటైనా ఎనస్తీషియా డాక్టరుకు మందుల పేర్లన్నీ చెప్పాలి, దాచిన మాలా-డితో సహా.

టీజీ (ట్రాన్స్‌జెండర్) గుర్తింపు కార్డు ఉన్నవారికి కేంద్రం 2022లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల కవరేజీ ఉంది. ఆసుపత్రి ఎంచుకునే ముందే అది ఆ పథకం జాబితాలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి.

మొదటి నలభై రోజులు

హిజ్రా సంప్రదాయంలో నిర్వాణం తర్వాత నలభై రోజుల కట్టడి ఉంటుంది. వైద్యం చెప్పే ఆరు వారాల విశ్రాంతికి రెండు రోజులే తక్కువ. విశ్రాంతి విషయంలో పెద్దల లెక్క బాగానే ఉంది. తేడా వచ్చేది తిండీ నీళ్ల దగ్గర. నీళ్లు తక్కువ తాగాలన్న నియమం ప్రమాదం. మూత్రానికి పెట్టిన పైపు ఉన్నన్నాళ్లూ, తీసిన తర్వాతా రోజుకు రెండున్నర లీటర్లు తాగితేనే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాదు (గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన కొలత ప్రకారం). ఇక పప్పు తింటే చీము పడుతుందన్న మాట తెలుగు ఇళ్లలో ఎవరు ఆపరేషన్ చేయించుకున్నా వినిపిస్తుంది. గాయం పూడేది ప్రొటీన్‌తో. పప్పు, గుడ్డు, పెరుగు, చేప మానేసి కారప్పొడి అన్నం తింటే కుట్లు విడిపోయే అవకాశమే ఎక్కువ.

లోతు ఆపరేషన్ అయితే ఆసుపత్రిలో అయిదు నుంచి ఏడు రోజులు. అన్ని రోజులూ లోపల గాజుగుడ్డ ప్యాకింగ్, మూత్రానికి పైపు. పడుకునే ఉంటారు కాబట్టి కాళ్లకు బిగుతు మేజోళ్లు, పొట్టకు రక్తం పల్చబడే ఇంజెక్షన్. ఈ వయసులో ఆ ఇంజెక్షన్ వద్దనకూడదు. ఇంటికొచ్చాక ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్యాకింగ్ తీసిన రోజే డైలేటర్ల పాఠం మొదలవుతుంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నీటి ఆధారిత జెల్లీ బాగా రాసి, డైలేటర్ మొనను మంచం వైపుకు, అంటే కిందికి సుమారు 45 డిగ్రీల వాలులో పెట్టాలి. ముందున్న ఎముక దాటాక నిటారుగా లోపలికి నెమ్మదిగా తోయాలి. ఆగిన చోట ఊపిరి వదిలి కింది కండరాలను సడలించాలి, బలం వాడకూడదు. మొదటి మూడు నెలలు రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 10 నుంచి 20 నిమిషాలు. మూడు నుంచి ఆరు నెలలదాకా రోజుకోసారి. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు, చివరికి వారానికి ఒకటి రెండు. సర్జన్ ఇచ్చిన పట్టికలో తేడా ఉంటే దాన్నే పాటించాలి. మొదటి మూడు నెలల్లో వారం రోజులు మానేస్తే పోయిన లోతును మళ్లీ తేవడం చాలా కష్టం. వ్యాసలీన్ జిడ్డు లోపలే నిలిచిపోతుంది, వాడకూడదు. రోజుకు మూడుసార్లు అంటే తలుపు గడియ పెట్టుకునే గది కావాలి, పని మానుకునే వీలు కావాలి. ఉమ్మడి ఇంట్లో, ఒకే గదిలో నలుగురున్న చోట ఇది కుదరదు. ఆపరేషన్ తేదీకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఈ గది సంగతి.

మరుగుదొడ్డి ఇంకో సమస్య. గొంతుక్కూర్చునే దొడ్డి ఆరు వారాలు వాడకూడదు, కుట్లు లాగుతాయి. వెస్ట్రన్ లేకపోతే మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీ ఆసుపత్రి సామాన్ల షాపుల్లో కొనుక్కోవచ్చు, అద్దెకూ దొరుకుతుంది. మలబద్ధకం రాకుండా ఇసబ్‌గోల్, లాక్టులోజ్. ముక్కితే లోపలి గోడకు దెబ్బ. అయిదు కిలోలకు మించి బరువు ఎత్తకూడదు, కూర్చోవడానికి గుండ్రటి రింగు దిండు. కూర్చుని చేసే పనికి ఆరు వారాలు, ఒళ్లువంచే పనికి, సంభోగానికి మూడు నెలలు.

కుట్లు కింది కొసలో కాస్త విడిపోవడం చాలామందిలో జరుగుతుంది, శుభ్రంగా ఉంచితే లోపలి నుంచి పూడుకుంటుంది. కొన్ని వారాల తర్వాత ముట్టుకుంటే రక్తం కారే ఎర్రటి దుర్మాంసం కనిపిస్తే క్లినిక్‌లో సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాలుస్తారు. మొదట్లో మూత్రధార చెదరడం మామూలే, వాపు తగ్గాకా చెదురుతూ సన్నబడుతుంటే రంధ్రం బిగుస్తోందని అర్థం. యోని నుంచి గాలి గానీ మలం గానీ వస్తే అది ఫిస్టులా, అంటే పురీషనాళానికీ యోనికీ మధ్య రంధ్రం పడినట్టు. డైలేటర్ ఆపి అదే రోజు సర్జన్‌ను కలవాలి. నాలుగో రోజునో పదో రోజునో ఏడుపు, ‘ఎందుకు చేయించుకున్నానా’ అన్న దిగులు ముంచెత్తడం కూడా ఉంది. మత్తు, నొప్పి, నిద్రలేమి, ఆపిన ఈస్ట్రోజన్ కలిసి చేసే పని అది. ఎక్కువమందిలో వారాల్లో తగ్గుతుంది, తగ్గకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవాలి.

వృషణాలు లేని ఒంటికి హార్మోన్ ఆపకూడదు

ఆపరేషన్ అయ్యాక స్పైరోనోలాక్టోన్, సైప్రొటెరోన్ ఆగిపోతాయి. ఈస్ట్రోజన్ ఆగదు. ‘ఇక ఆపరేషనే అయిపోయింది కదా’ అని మాత్రలు మానేసేవారు ఎందరో. వృషణాలు లేవు, మాత్రలు లేవు అంటే మెనోపాజ్ కన్నా లోతైన లోటు: ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకల్లోంచి కాల్షియం తరిగిపోవడం. పాతికేళ్ల క్రితం నిర్వాణం అయిన అక్కలు యాభైల్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. వారికి ముందు ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, విటమిన్-డి, రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం తిండితో కలిపి, ఆ తర్వాత చర్మం మీదుగా చిన్న మోతాదు ఈస్ట్రడయాల్. వారిలో ఇంకోటి: మూత్రరంధ్రం ఏళ్లమీద మూసుకుపోతూ వస్తుంది, ముక్కి మూత్రం పోయడం అలవాటైపోయి చెప్పరు. ఆ రంధ్రాన్ని వెడల్పు చేసే చిన్న ఆపరేషన్ మియాటోప్లాస్టీతో తీరే సమస్యను కిడ్నీలదాకా పోనివ్వకూడదు.

హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్ వారి కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగి మూతపడినప్పుడు మందులు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న ఒక్కసారిగా ఎదురైంది. ఒక నెల మందు ఎప్పుడూ చేతిలో అదనంగా ఉంచుకోవడం, చీటీ మీద బ్రాండు కాకుండా మందు పేరు రాయించుకోవడం అందుకే.

హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడేవారికి ఒక మాట. ఇప్పుడిచ్చే డోల్యుటెగ్రావిర్ ఈస్ట్రోజన్‌తో గొడవపడదు. కానీ కాల్షియం, ఐరన్ మాత్రలు ఖాళీ కడుపున దానితో కలిస్తే దాన్ని పట్టి ఉంచేస్తాయి. రెండూ భోజనంతో కలిపి వేసుకోవాలి, లేదా డోల్యుటెగ్రావిర్ రెండు గంటల ముందు వేసుకోవాలి. అదే మాత్రలో ఉండే టెనోఫోవిర్ ఎముకను, కిడ్నీని కాస్త తింటుంది కాబట్టి ఆ పరీక్షలు వారికి ఇంకా ముఖ్యం. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఈస్ట్రడయాల్‌ను వేగంగా కరిగించేస్తుంది, ఆ ఆరు నెలలూ అంకె పడిపోతుంది.

ట్రాన్స్ పురుషుల్లో నలభై దాటాక చూడాల్సింది రక్తం చిక్కదనం. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఎనాంథేట్ అయితే రెండు వారాలకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు, అండెకనోయేట్ అయితే 1000 మిల్లీగ్రాములు సుమారు పన్నెండు వారాలకోసారి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 54 దాటితే మోతాదు తగ్గించాలి, గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో చూడాలి. నెలసరి సాధారణంగా ఆరు నెలల్లోపు ఆగుతుంది. ఆగిన ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రక్తం కనిపిస్తే మోతాదు కుదర్లేదనుకుని ఊరుకోకుండా స్కాన్ చేయించాలి. అండాశయాలు తీయించుకున్నవారికీ పై నియమమే, టెస్టోస్టెరాన్ ఆపకూడదు.

ట్రాన్స్ మహిళల్లో ఏ ఆపరేషన్‌లోనూ ప్రోస్టేట్ తీయరు. దాన్ని యోని ముందుగోడ గుండా వేలితో చూస్తారు. ఈస్ట్రోజన్ మీద ఉన్నవారిలో ప్రోస్టేట్ రక్తపరీక్ష పీఎస్ఏ చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి ల్యాబ్ రిపోర్టు 4 దాకా ‘నార్మల్’ అన్నా 1 దాటితే చాలు, యూరాలజిస్టుకు చూపించాలి. యాభై దాటి, అయిదేళ్లకు పైగా హార్మోన్లు వాడినవారికి మామోగ్రామ్.